ఫిర్యాదుల్లేని గల్లీలో నాలుగు రోజులు

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న, "చార్మినార్ ఎక్కారా?" అని. ఎక్కలేదండీ. ఆ ఊళ్ళో నేను ఎక్కినదేమీ లేదు, దిగినదే ఉంది. అదీ మోకాలి దాకా, ఎడమ కాలు మాత్రమే. అడిగిన ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పలేక ఇలా రాసి పెడుతున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. గోదావరి పక్కన ఒక చిన్న ఊరి మునిసిపల్ ఆఫీసులో ముప్పై రెండేళ్ళు అర్జీలు తీసుకునే బల్ల దగ్గర కూర్చుని, నిరుడు రిటైరయ్యాను. ఎవరు ఏ కాగితం తెచ్చినా తీసుకుని, ముద్ర కొట్టి, నంబరు వేసి, రశీదు ఇచ్చేదాన్ని. "అర్జీ పెట్టుకోండి, పనవుతుంది" అని ఎన్ని వేలమందితో అన్నానో లెక్కలేదు. నేను ఆ మాట నమ్మాను కూడా. ఓట్ల రోజున పోలింగు సిబ్బంది కంటే ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడే మనిషిని.

అలాంటిదాన్ని మాదన్నపేటలో ఉన్న మా చెల్లెలు సీత పిలిచింది. "నాలుగు రోజులు ఉండి వెళ్ళవే అక్కా, నీకు పాతబస్తీ అంతా తిప్పి చూపిస్తాను" అంది. తిరగడం మాత్రం నిజంగానే తిరిగాను.

కాచిగూడ నుంచి మాదన్నపేట

పొద్దున్నే కాచిగూడలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఆటో అబ్బాయి రెండొందలన్నాడు, నేను ఎనభై అన్నాను, నూట ఇరవైకి ఇద్దరం ఓడిపోయాం. దారిలో ఆటో ఎగిరినప్పుడల్లా నా తల పైకప్పుకు తగులుతూనే ఉంది.

"ఈ రోడ్డు సంగతి మీ కార్పొరేటరుకి చెప్పలేదా బాబూ?" అని అడిగాను.

"కార్పొరేటర్ ఎవలున్నరో ఎర్కలేదమ్మా" అన్నాడు. "ఉండేటోళ్ళు ఉంటరు. మనకేంది?"

మా ఊళ్ళో అయితే టీకొట్టు దగ్గర పొద్దున్న అయిదింటికే రాజకీయం మొదలవుతుంది. చొక్కాలు పట్టుకునే దాకా వెళ్ళి, మళ్ళీ ఒకే గ్లాసు టీ ఇద్దరు పంచుకుని ఇళ్ళకు పోతారు. కార్పొరేటరు పేరు తెలియని ఆటోవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

సీతా వాళ్ళ గల్లీ ఇరుకు. ఆటో మొదట్లోనే దింపేసింది. సూట్‌కేసు లాక్కుంటూ, మేడ మీద నుంచి చెయ్యూపుతున్న సీతను చూస్తూ నడుస్తున్నాను. ఉన్నట్టుండి ఎడమ కాలి కింద భూమి లేదు. డ్రైనేజీ మ్యాన్‌హోలు. దానికి మూత లేదు. సూట్‌కేసు అడ్డం పడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ కథనం మరెవరో రాయాల్సి వచ్చేది.

ఎదురింటి అరుగు పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో ఎండకు కూర్చున్న పెద్దాయన లేచి పరిగెత్తుకొచ్చాడు. చెయ్యి పట్టుకుని పైకి లాగుతూ, "అయ్యో అమ్మా! గిప్పుడే తీసిన కుర్చీ. అయిదు నిమిషాలు ఆగి రావొద్దా?" అన్నాడు.

ఆయన పేరు యాదగిరి. మూడు తరాలుగా దగ్గర్లోని గుడికి పూలదండలు కట్టే కుటుంబం. గల్లీ అంతా బాపు అంటుంది. విషయమేమిటంటే, ఆ మూత పోయి ఎనిమిదేళ్ళయింది. ఎవరూ పడకుండా గుంత మీద ఆ కుర్చీ పెడతారు. దానికి మూడు కాళ్ళే సరిగ్గా ఉన్నాయి, నాలుగోదాని కింద ఇటుక. చలిగా ఉన్న పొద్దుల్లో బాపు దాన్ని గోడవారకు తీసుకెళ్ళి కాసేపు ఎండ కాచుకుంటాడు. నేను సరిగ్గా ఆ కాసేపట్లో వచ్చాను.

గల్లీ పేరు అడ్రసు కాగితాల్లో ఏదో ఉంది గానీ, కూరగాయలవాడి దగ్గర్నుంచి పోస్ట్‌మాన్ దాకా అందరూ 'కుర్చీ గల్లీ' అనే అంటారు.

సంతకం అడిగితే టీ వచ్చింది

మర్నాడు పొద్దున్న సీత ఇక్కడి పద్ధతిలో ఖిచిడీ చేసింది. పక్కన నువ్వులు, చింతపండు కలిపి చేసిన ఖట్టా. మనం పులిహోరలో చూసే పులుపు ఇక్కడ పొద్దున్న ఎనిమిదింటికే పళ్ళాన్ని ముంచేస్తుంది. రెండుసార్లు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుని, అర్జీ రాశాను. పేరాలు విడగొట్టి, విషయం కింద గీత గీసి, రిటైరయ్యాక రాసిన మొదటి అర్జీ కాబట్టి కొంచెం అందంగానే రాశాను.

"సంతకం పెట్టండి" అని ముందు మా మరిదిగారు, సీత భర్త ప్రసాదరావుకే ఇచ్చాను. ఆయనది మా జిల్లాయే. ఇరవై ఏళ్ళ క్రితం ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు.

ఆయన కాగితాన్ని పెళ్ళి శుభలేఖలా అటూ ఇటూ తిప్పి చూశారు. "దస్తూరి ఎంత బాగుందో వదినగారూ" అన్నారు.

"సంతకం?"

"ఎందుకండీ? ఈ ఊరొచ్చాక నేను ఓటే వెయ్యలేదు. ఓట్ల రోజున సెలవు ఇస్తారు, ఆ రోజు పడుకుంటాను. ఎవరొచ్చినా ఆ కుర్చీ అక్కడే ఉంటుంది."

గల్లీ అంతా తిరిగాను. ఎవరూ నన్ను కాదనలేదు, అదే చిత్రం. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టారు. ఒక ఇంట్లో సీతాఫలం, ఒక ఇంట్లో సకినాలు, మరో ఇంట్లో మళ్ళీ ఖిచిడీ. సంతకం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరికీ పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు గుర్తొచ్చేది. మధ్యాహ్నానికి నా పొట్ట నిండింది, కాగితం ఖాళీ.

ఆఖరికి గల్లీ మూలన ఉన్న ఖాజా భాయ్ టీకొట్టు దగ్గర కూలబడ్డాను. ఖాజా భాయ్‌కి యాభై ఏళ్ళుంటాయి. పాలు పొంగిపోయిన గిన్నెను చూసినంత జాలిగా నన్ను చూశాడు. బాపు కూడా అక్కడే ఉన్నాడు.

"భయమా మీకు?" అని అడిగాను.

"భయం కాదమ్మా, అనుభవం" అన్నాడు బాపు. "ఎనిమిదేండ్ల కింద మోరీ నిండిందని మేమే ఫిర్యాదు ఇచ్చినం. తెల్లారి నలుగురు వచ్చిర్రు. మూత తీసిర్రు, లోపల చూసిర్రు, మూత పగిలింది మార్చాలె అన్నరు. మూత తీస్కపోయిర్రు. గంతే."

"మళ్ళీ ఫిర్యాదు చెయ్యలేదా?"

"మళ్ళ చేస్తే గుంత గూడ తీస్కపోతరేమోనని" అన్నాడు, ముఖం ఏమాత్రం నవ్వకుండా.

ఖాజా భాయ్ నా ముందు టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టాడు. "లైట్ తీస్కోండి ఆంటీ. ఫికర్ నక్కో. మేం వాళ్ళ జోలికి పోయి తంగ్ చెయ్యం, వాళ్ళు మా జోలికొచ్చి తంగ్ చెయ్యరు."

ఆ మాట అంటున్నప్పుడు కొట్టు వెనక గుమ్మానికి వేలాడుతున్న పరదా కదిలింది. ఖాజా భాయ్ తల్లి అక్కడ కూర్చుని ఉంది. రెండేళ్ళ క్రితం ఆమె ఆ గుంతలోనే పడిందట. తుంటి ఎముక అతికింది గానీ ధైర్యం అతకలేదు. అప్పట్నుంచి వాకిలి దాటలేదు. ఎదురుగా ఉన్న బాపు ఇంటికి, ఆయన భార్యతో కబుర్లకి, రోజూ వెళ్ళే మనిషట. ఇప్పుడు ఇద్దరు ముసలమ్మలూ గల్లీకి అటొకరు ఇటొకరు నిలబడి కేకలేసి మాట్లాడుకుంటారు.

నాకు టీ సయించలేదు. బిస్కెట్లు మాత్రం తిన్నాను, బాగున్నాయి.

బేగంబజార్‌లో మూత బేరం

మూడో రోజు సీత గిన్నెలు కొనాలని బేగంబజార్ తీసుకెళ్ళింది. ఆ బజారులో మనిషి నడవడు, వెనకనుంచి వచ్చే హమాలీ బస్తా తోస్తే ముందుకు పోతాడు. ఇత్తడి బిందెలు, స్టీలు డబ్బాలు, ఏనుగుకు స్నానం చేయించగల గంగాళాలు. మా ఊళ్ళో ఆరొందలు చెప్పే పెనం ఇక్కడ మూడొందల యాభై. కొనేశాను. అవసరం లేదు గానీ, ఆ ధర వదులుకోవడానికి మనసొప్పలేదు.

అంతలో నాకు బుర్రలో ఒకటి మెరిసింది. అర్జీలో కొలత రాయడానికని ముందురోజే గుంతను దారంతో కొలిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ దారం తీసి, బిర్యానీ డేగిసాలు అమ్మే సేఠ్ ముందు చాపాను. "ఇంత మూత ఉందా?"

సేఠ్ దారం చూసి నన్ను గౌరవంగా చూశాడు. "మస్తు పెద్దదమ్మా. ఎంతమందికి వంట?"

"నలభై ఇళ్ళకండీ."

"పెండ్లా?"

"కాదు, డ్రైనేజీ."

సేఠ్ చేతిలోని మూత మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. "డేగిసా మూత మోరీ మీద పెడితే రేపు మా డేగిసాల్ల ఎవరు వండుకుంటరు? పో అమ్మా, పో." సీత నన్ను పక్క దుకాణంలోకి ఈడ్చుకుపోయి, పది నిమిషాలు నా చెల్లెలు కానట్టు నిలబడింది.

ఫలక్‌నుమా షెడ్డు

నేను పట్టు వదల్లేదు. ఇనప మూతలు చేసే షెడ్లు ఫలక్‌నుమా వైపు ఉంటాయని హమాలీ ఒకాయన చెప్పాడు. సామాన్లతో సీతను ఇంటికి పంపించి, ఒక్కదాన్నే వెళ్ళాను. లోకల్ రైలు ఆఖరి స్టేషను పక్కన ఇరుకు వీధులు, వీధుల్లో ఇళ్ళు, ఇళ్ళ మధ్య షెడ్లు, ప్రతి షెడ్డులోనూ నిప్పురవ్వలు. వెల్డింగ్ చేసే ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి నా దారం కొలిచాడు.

"చేసిస్త. రెండున్నర వేలు అయితది. కానీ అమ్మా, పెట్టేది ఎవరు?"

"నేనే పెడతాను."

"గట్లయితే నేను చెయ్య." అద్దాలు మళ్ళీ కిందికి దించుకున్నాడు. "పోయినేడు ఒక బస్తీవాళ్ళు పైసలు ఏసుకొని మూత చేయించుకున్నరు. పెట్టంగనే పోలీసులు వచ్చి, సర్కారు మూత దొంగతనం చేసి గీడ పెట్టినవా అని నన్నే పట్టుకున్నరు. మూత లేని కాడ ఎవ్వరూ అడుగరు. ఉన్న కాడనే లొల్లి."

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. ఈ ఊళ్ళో ఎవరూ బద్ధకస్తులు కారు. అందరూ ఒక్కోసారి ప్రయత్నించి, ఒక్కో దెబ్బ తిని, తెలివి తెచ్చుకున్నవాళ్ళు.

సాయంత్రం ఖాజా భాయ్ దగ్గర రెండు కథలూ చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక ఖాజా భాయ్ గ్లాసు తుడుస్తూ అడిగాడు.

"ఆంటీ, మీ ఆఫీసుల అర్జీ ఇస్తే ఏం చేస్తుండె?"

"ముద్ర వేసి నంబరు ఇచ్చేదాన్ని."

"తర్వాత?"

"సెక్షనుకు పంపేదాన్ని."

"తర్వాత?"

"వాళ్ళు ఇంజనీరుకు పెట్టేవాళ్ళు."

"తర్వాత?"

ముప్పై రెండేళ్ళలో నేను ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వెయ్యలేదు. నా బల్ల దాటాక కాగితం ఎటు పోయిందో లేచి వెళ్ళి చూడలేదు. వచ్చినవాళ్ళలో కొందరు మళ్ళీ మళ్ళీ అదే అర్జీతో వచ్చేవాళ్ళు. ఒక ముసలాయన అయితే నన్ను పేరు పెట్టి పిలిచేంత చనువు వచ్చేదాకా తిరిగాడు. ఆయన ముఖం కళ్ళ ముందు నిలిచింది.

"తెలియదు ఖాజా భాయ్" అన్నాను.

ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. బాపు తన గ్లాసులో టీ సగం నా గ్లాసులో పోశాడు.

అభినందన పత్రం

నాలుగో రోజు పొద్దున్న పదకొండింటికి గల్లీలోకి ఒక జీపు వచ్చింది. మొదట్లోనే ఆగాల్సి వచ్చింది, పట్టదు కదా. తెల్లచొక్కా వేసుకున్న కుర్ర అధికారి, ఆయన వెనక కెమెరా పట్టుకున్న మనిషి, శాలువా పట్టుకున్న మనిషి దిగారు. మైకు లేకుండానే మైకులో మాట్లాడినట్టు ప్రకటించాడు అధికారి. ఈ వార్డులో గత అయిదేళ్ళుగా ఒక్క ఫిర్యాదు కూడా రాని గల్లీ ఇదొక్కటేనట. కాబట్టి 'సమస్యల్లేని ఆదర్శ గల్లీ' అని అభినందన పత్రం ఇవ్వడానికి వచ్చారట.

గల్లీ మొత్తం అరుగుల మీదికి వచ్చింది. బాపు మెడలో శాలువా వేశారు. ఆయన శాలువాను వేళ్ళతో తడిమి, "మంచిగున్నది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "సార్, సమస్య లేదని ఎవరు చెప్పారు మీకు?" అన్నాను ముందుకొచ్చి.

"రికార్డు చెప్తోంది మేడమ్."

"అయితే ఆ రికార్డునోసారి వచ్చి నడవమనండి."

కెమెరా మనిషి అందరినీ ఫోటోలో పట్టించడానికి అధికారిని వెనక్కి జరగమన్నాడు. ఆయన జరిగాడు. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జరిగాడు. వెనకాల కుర్చీ పెట్టి ఉన్న గుంత దగ్గరవుతోందని గల్లీకి అర్థమైంది. నలభై ఇళ్ళవాళ్ళు ఒక్కసారిగా అరిచారు.

"సార్, కుర్చీ! కుర్చీ!"

ఆయన చేతులు జోడించాడు. "వద్దండీ, పర్వాలేదు, నిలబడతాను."

"కుర్చీ సార్, కుర్చీ!" బాపు శాలువాతో సహా పరిగెత్తాడు.

ఇంతమంది అంత ఆప్యాయంగా అడుగుతుంటే కాదంటే బాగుండదని అనుకున్నాడు కాబోలు, పాపం, "సరే మీ ఇష్టం" అని నవ్వుతూ కూర్చున్నాడు.

ఇటుక జారింది. కుర్చీ ఒక పక్కకు, ఆయన నడుం దాకా గుంతలోకి. అభినందన పత్రం మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు, తడవనివ్వలేదు. కెమెరా మనిషి అలవాటు కొద్దీ ఫోటో తీసేశాడు.

మా మరిదిగారు, ఖాజా భాయ్ చెరో రెక్క పట్టి లాగారు. బాపు శాలువా తీసి ఆయన నడుముకు చుట్టాడు. ఖాజా భాయ్ రెండు బకెట్ల నీళ్ళు పోసి, తల్లి పెట్టెలోంచి తీసిచ్చిన ఉతికిన లుంగీ కట్టించి, టీ ఇచ్చాడు. పళ్ళు టకటకలాడుతుంటే ఆ అబ్బాయి అన్నాడు: "ఒక్క కాగితం ఇచ్చి ఉంటే నాకు తెలిసేది కదండీ. నేను ఈ ఆఫీసుకొచ్చి నాలుగు నెలలే అయింది. ఫైల్లో ఈ గల్లీ కింద ఏమీ లేదు."

అబద్ధమాడుతున్నట్టు లేదు. లుంగీలో ఉన్న మనిషి మీద కోపం కూడా నిలవదు.

"సార్, ఇస్తే చేస్తరా?" అని బాపు అడిగాడు.

"ఇవ్వండి. చెయ్యకపోతే ఇదే కుర్చీలో మళ్ళీ కూర్చోబెట్టండి."

అప్పుడు నవ్వింది గల్లీ. ఆయన కూడా నవ్వాడు.

సాయంత్రం నాలుగింటికి, మేం కాగితం ఇవ్వకముందే, ఆయన పంపిన కొత్త మూత వచ్చింది. దాని మీద బాపు ఒకసారి ఎగిరి చూశాడు. ఖాజా భాయ్ తల్లి పరదా తీసి వాకిట్లోకి వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకోబోతే తోసేసి, మూతకు ఒక గజం దూరంగా చుట్టూ తిరిగి, బాపు ఇంటి అరుగు ఎక్కింది. ఎదురుగా కూర్చున్నా, ఇద్దరు ముసలమ్మలూ అలవాటు మానలేక చాలాసేపు కేకలేసే మాట్లాడుకున్నారు.

బయలుదేరే ముందు

ఆ రాత్రి భోజనానికి ముందు బాపు, ఖాజా భాయ్, మరో పదిమంది తెల్లకాగితాలతో సీతా వాళ్ళింటికి వచ్చారు. అర్జీ ఎలా రాయాలో నేర్పమన్నారు. ఈసారి "పనవుతుంది" అని నేను అనలేదు. రశీదు తీసుకోమన్నాను, పదిహేను రోజులకోసారి వెళ్ళి "తర్వాత?" అని అడుగుతూనే ఉండమన్నాను.

"సరే, మొదటిది దేని మీద రాద్దాం?" అన్నాను కలం తీసి.

అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. బాపు గొంతు సవరించుకున్నాడు. "ఏమనుకోకమ్మా. మీ చెల్లె ఇంటి వాషింగ్ మెషిన్ నీళ్ళు సీదా గల్లీల పడుతున్నయ్. నురగల అందరం జారుతున్నం. గా పైపు మీద రాయి."

సీత నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను. కానీ అడిగినవాళ్ళు పౌరులు. రాశాను, మా చెల్లెలి ఇంటి నంబరుతో సహా. పన్నెండు సంతకాలు పడ్డాయి. ప్రసాదరావుగారు ఆ కాగితం తీసుకుని మొదట్నుంచి చివరిదాకా చదివారు. తర్వాత కలం అడిగి, పదమూడో సంతకం ఆయనే పెట్టారు.

"మీ మీదే కదండీ ఫిర్యాదు!" అన్నాను.

"నిజంగా వస్తారో రారో చూద్దామని, వదినగారూ" అన్నారు.

మర్నాడు రైలెక్కి ఇంటికొచ్చేశాను. రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన ఫోను. ఇరవై ఏళ్ళలో ఆ గొంతు అంత హుషారుగా నేను వినలేదు.

"వదినగారూ, వచ్చారు! ఇద్దరొచ్చారు! మన అర్జీ చేతిలో పట్టుకుని మరీ వచ్చారు! పైపు చూశారు, నా పేరు అడిగారు, నాకు జరిమానా వేశారు!"

"అయ్యో, ఎంత వేశారండీ?"

"అది చూడలేదు. వచ్చారండీ వదినగారూ, నిజంగా వచ్చారు! గల్లీ అంతా బయటికొచ్చి చూసింది. ఖాజా భాయ్ అందరికీ టీ పోశాడు." కాసేపు ఆయాసం తీర్చుకుని గొంతు తగ్గించారు. "అన్నట్టు, ఓటరు జాబితాలో పేరు ఎక్కించుకోవడానికి ఏదో ఫారం ఉంటుంది కదా. అది కొంచెం దగ్గరుండి చెబుతారా? కాగితం పెట్టుకుని కూర్చున్నాను."

"రాసుకోండి" అన్నాను.